అత్తయ్యగారి గ్రహణాల అటుకులు

మా ఇంట్లోకి గ్రానోలా ఆయన ఆఫీసు సంచీలో వచ్చింది. కంప్యూటరు చదువు చదివినవాడు కనిపిస్తే చాలు, కంపెనీలు పిలిచి పీట వేస్తున్న రోజులవి. మావారిని కూడా అలాగే పిలిచి సింగపూరు తెచ్చుకున్నారు. జీతం సంగతి అలా ఉంచండి, ఆఫీసులో వాళ్ళకి ఊరికే తిండి పెట్టేవారు. అది నాకు మహా వింతగా ఉండేది. ఇంట్లో పెళ్ళాం వండిపెడుతున్న మనిషికి ఆఫీసువాడు ఎందుకు పెడతాడని అడిగితే, "సాయంత్రం ఇల్లు గుర్తు రాకుండా ఉండడానికి" అన్నారాయన. ఆ తిండిలో మిగిలిన ఒక పొట్లం తెచ్చి వంటింటి గట్టు మీద పడేశారు.

నేను బళ్ళో కూర్చుని చదువుకున్నదాన్ని కాను. చిన్నప్పుడు ఉబ్బసం వల్ల నాన్నగారు ఇంట్లోనే చదువు చెప్పారు. తెలుగు, సంస్కృతం ఓపిగ్గా చెప్పారు. లెక్కలు ఇంటి ఖర్చుకి సరిపడా చెప్పారు. ఇంగ్లీషు ఆయనకే అంతంతమాత్రం. పెళ్ళయి ఇక్కడికి వచ్చాక సూపర్‌మార్కెట్టే నాకు ఇంగ్లీషు వాచకం అయింది. పొట్లాల వెనక చిన్నక్షరాలతో రాసి ఉన్నది కూడబలుక్కుని చదివేదాన్ని. అందుకే ఇప్పటికీ ఇంగ్లీషులో గింజల పేర్లూ పప్పుల పేర్లూ నాకు కంఠతా వచ్చు, పలకరింపులే తడబడతాయి. ఆ చదువు చెప్పిన నాన్నగారికీ, పొట్లాల మీద అన్నీ దాచకుండా రాసేవాళ్ళకీ రోజూ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

గ్రానోలా అన్న మాట చదివి, ఒక గుప్పెడు నోట్లో వేసుకున్నాను.

"పాపం, ఎవరికో పాకం పట్టడం రాలేదండీ. ఉండ కట్టలేదు" అన్నాను.

"ఉండ కట్టకపోవడమే దాని గొప్ప" అన్నారాయన.

"అయితే మా పిన్ని జన్మంతా గ్రానోలానే చేసింది."

ఆయన నవ్వి స్నానానికి వెళ్ళారు. పొట్లం అక్కడే ఉండిపోయింది.

అప్పటికి అత్తయ్యగారు మా దగ్గరికి వచ్చి నెల దాటింది. ఆవిడ ఊరికే రాలేదు, మొక్కు తీర్చడానికి వచ్చారు. కొడుక్కి సింగపూరులో ఉద్యోగం వస్తే, ఆ ఊళ్ళో వెంకన్న గుడి గనక ఉంటే, దాని చుట్టూ ప్రదక్షిణాలు చేస్తానని మొక్కుకున్నారు. ఉద్యోగం వచ్చింది, గుడి ఉంది, ఆవిడా వచ్చారు. తీరా విమానంలో ముడుచుకుని కూర్చున్న మోకాళ్ళు విమానం దిగాక విచ్చుకోలేదు. మా పాసిర్ రిస్ ఫ్లాటులో పడగ్గది నుంచి హాల్లోకి రావడానికే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. ప్రదక్షిణాల మాట ఎవరం ఎత్తేవాళ్ళం కాదు.

డాక్టరు మాత్రలిచ్చి, ఒకటే మాట చెప్పాడు. పొద్దున్నే వేసుకోవాలి, కడుపులో ఏదైనా పడ్డాకే వేసుకోవాలి. సరిగ్గా అక్కడే చిక్కొచ్చింది. అత్తయ్యగారు స్నానం, జపం, పూజ, నైవేద్యం అయితే తప్ప వండిన పదార్థం ముట్టరు. ఆవిడ పూజ ముగిసేసరికి ఎదుటి బ్లాకు నీడ మా వరండాలోంచి పూర్తిగా వెళ్ళిపోయేది. శనివారాలూ ఏకాదశులూ అయితే సాయంత్రం దాకా మంచినీళ్ళే. ఉత్తి కడుపున మాత్ర వేసుకుంటే మంట, మానేస్తే కాళ్ళ నొప్పి.

"అరటిపండు తినండి అత్తయ్యగారూ."

"వాతం చేస్తుంది. కీళ్ళకి పడదు."

"పోనీ పాలు?"

"కఫం."

"రొట్టె ముక్క?"

"దాన్ని ఎంతమంది పిసికారో నీకు తెలుసా, నాకు తెలుసా?"

"ఇడ్లీ ఒక్కటి..."

"వండిందేగా" అని, నేనేదో అడగరానిది అడిగినట్టు చూశారు.

ఆ వారమే ఆవిడ మాత్రలు మానేశారు. వారం చివర కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని, "మొక్కు తీర్చలేని కాళ్ళేసుకుని ఇక్కడెందుకు నాయనా. వచ్చే నెలాఖరుకి టికెట్టు వేయించెయ్యి. దేవుడికి అక్కడి నుంచే సంజాయిషీ చెప్పుకుంటాను" అన్నారు. ఆయన మర్నాడే టికెట్టు కొని తెచ్చి సొరుగులో పెట్టారు.

అత్తగారు వెళ్ళిపోతానంటే దిగులు పడిన కోడల్ని చూసి మీరు నవ్వుకోవచ్చు. ఆయన పొద్దున్న వెళ్తే చీకటి పడ్డాక వచ్చేవారు. ఆ మధ్యంతా నేనూ, గోడలూ. అత్తయ్యగారు వచ్చాక వరండాలో ఇనుప గేటు వెనక కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చేపోయేవాళ్ళ మీద వ్యాఖ్యానం చెప్పేవారు. "ఆ బనీను తాత ఇవాళ పెళ్ళాం మీద అలిగాడు, కూరల సంచీ తనే మోస్తున్నాడు" అనేవారు. భాష రాని ఊళ్ళో ఆవిడకి అందరి గుట్టూ తెలిసిపోయేది. అంతటి కాలక్షేపాన్ని దేవుడు విమానమెక్కించి నా ఇంటికి పంపితే, ఒక్క మాత్ర కోసం వెనక్కి పంపెయ్యడానికి నాకు మనసొప్పలేదు. ఆవిడ పొద్దున్నే ఏదో ఒకటి తినాలి. ఆవిడ నియమం మాత్రం చెడకూడదు.

ఆలోచిస్తూ గట్టు మీది పొట్లం మళ్ళీ చేతిలోకి తీసుకుని, వెనకవైపు చదివాను. ఓట్స్, తేనె, బాదం, నూనె. ఎంత వెతికినా నీళ్ళు కనిపించలేదు. అత్తయ్యగారి చట్టంలో నీళ్ళే కదా అసలు ముద్దాయి. నీళ్ళు పోసి ఉడికించింది అంటు. నేతిలో వేయించిందో, పొడిగా పేల్చిందో అయితే ఫలహారం. పొట్లం ముందు పెడితే ఆవిడ ముట్టరు గానీ, నా చేత్తో నేను చేస్తే ఎందుకు ముట్టరు?

మా ఇంట్లో ఓవెన్ లేదు. పక్కింటి ఆంటీకి ఉంది. ఆవిడ తాతగారి కాలంలోనే విశాఖ వైపు నుంచి పడవెక్కి వచ్చినవాళ్ళు వాళ్ళు. ఆవిడ తెలుగులో సగం అరవం, పావు మలయ్ భాష కలిసి ఉండేవి, మాట చివర ఇక్కడివాళ్ళ "లా" ఒకటి తగిలేది. పొద్దున్న కనిపిస్తే చాలు, "మకాన్ ఆయెనా అమ్మా?" అని తిన్నానో లేదో అడిగేది. పండగలకి ఆ ఓవెన్లో పైనాపిల్ టార్టులు కాల్చి అందరికీ పంచేది.

"టార్టుల్లో గుడ్డు వేస్తారు కదా ఆంటీ" అని నసిగాను.

"గుడ్డు టార్టులో పోయింది, టార్టు మీ ఆయన కడుపులో పోయింది. ఓవెన్లో ఏముంది లా" అంది.

అయినా నా మొహం చూసి జాలిపడింది. ఇద్దరం కలిసి నిమ్మకాయ ముక్కలతో లోపలంతా తోమాం. ఖాళీ ఓవెన్ని ఎర్రగా కాల్చాం. చల్లారాక నేను పసుపునీళ్ళు చిలకరించాను. సాంబ్రాణి కూడా వేద్దామంది ఆంటీ. రాబోయే పండక్కి టార్టులన్నీ గుడి వాసన వేస్తాయని నేనే ఆపాను. పళ్ళెం మాత్రం కొత్తది కొన్నాను.

మొదటిసారి, బాణలి ముందు నిలబడ్డ అలవాటు కొద్దీ, తలుపు తీసి కలపడం, మూయడం, మళ్ళీ తీసి కలపడం. చివరికి పళ్ళెంలో పేలపిండి మిగిలింది. రెండోసారి కిస్‌మిస్‌లు కూడా ముందే వేసేశాను. అవి బొగ్గులై బయటికొచ్చాయి. మూడోసారి ఆంటీ నా చేతిలోంచి గరిటె లాక్కుంది.

"ఊరికే కదపొద్దు అమ్మా. నిద్ర పోయే బిడ్డను నువ్వు ఇట్లే లేపుతావా?"

ఓట్స్, జీడిపప్పు, బాదం, నువ్వులు, చైనా కొట్లో దొరికే గుమ్మడి గింజలు, కొబ్బరి కోరు కలిపాను. బెల్లం పాకం పడితే నీళ్ళు తగులుతాయి కాబట్టి, తరిగిన బెల్లాన్ని నేతిలోనే సన్నని సెగ మీద కరిగించాను. ఆ బెల్లం ఆంటీ ఇచ్చింది. గూలా మెలాకా అంటారిక్కడ, నల్లగా, పొగ వాసనతో ఘుమఘుమలాడుతుంది. కొబ్బరిచెట్టు గెల కోసి, కారిన నీరా కాచి చేస్తారట. నీరాకీ కల్లుకీ తేడా అత్తయ్యగారికి వివరించే ఓపిక నాకు లేదు కాబట్టి, కొబ్బరి బెల్లం అని మాత్రం చెప్పాలని అక్కడే నిశ్చయించుకున్నాను. అంతా కలిపి పళ్ళెంలో పరిచి, గిన్నె అడుగుతో అదిమి, ఏలకుల పొడి చల్లి లోపల పెట్టాను. తీశాక చల్లారేదాకా చేతులు వెనక్కి కట్టుకుని కూర్చున్నాను. విరిస్తే పెళపెళమని పెళ్ళలుగా వచ్చింది. రుచి చూడలేదు. దేవుడికి పెట్టేది ముందు నేనెలా చూస్తాను. ఆంటీకి ఆ నియమం లేదు కాబట్టి ఆవిడ చూసి, కళ్ళు మూసుకుని తలాడించింది.

డబ్బా పట్టుకుని ఇద్దరం వరండాలోకి వచ్చాం. అత్తయ్యగారు మా గేటు వెనక కుర్చీలో ఉన్నారు.

"ఏమిటమ్మాయ్ ఆ కమ్మటి వాసన? ఇందాకటి నుంచి కూర్చోనివ్వడం లేదు."

"గ్రానోలా అత్తయ్యగారూ" అన్నాను. సరిగ్గా అప్పుడే బ్లాకు ముందున్న వంతెన మీద నుంచి ట్రైను వెళ్ళింది. దాని రొదలో నా మాట సగం కొట్టుకుపోయింది.

"గ్రహణాలా? గ్రహణాలకి చేసుకునే అటుకులా?" ఆవిడ ముందుకు వంగారు. "ఈ ఊళ్ళోనూ గ్రహణాలు పాటిస్తారూ?"

నేను దిద్దడానికి నోరు తెరిచాను. ఈలోగా ఆంటీ అందుకుంది.

"ఆమా అక్కా. మా అవ్వ కాలం నుంచి పాటిస్తాం లా. గ్రహణం విడిచి తల స్నానం చేయక మా ఇంట్లో మకాన్ లేదు."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. వాళ్ళు నిజంగానే పాటిస్తారు. నా నోరు తెరిచి ఉందన్న సంగతి గుర్తొచ్చి మూసుకున్నాను.

"నీళ్ళు తగిలాయా?"

"లేదత్తయ్యగారూ. నెయ్యి, కొబ్బరి బెల్లం, అంతే."

"ఉల్లి, వెల్లుల్లి?"

"రామ రామ."

"మరి దర్భ వెయ్యలేదేం?" అని ఆవిడే తన పూజ పెట్టెలోంచి ఒక దర్భ తెప్పించి, గ్రానోలా మీద పెట్టి మూత వేశారు. కాసేపు తనలో తాను వాదించుకుని, తనకి తానే తీర్పు చెప్పుకున్నారు. "గ్రహణానికే చెడనిది ఏకాదశికి చెడుతుందా? పూజకి ముందు మాత్రం ఏం దోషం? నివేదన చేసి ఇంత నోట్లో వేసుకుంటే సరి."

మర్నాడు పొద్దున్న స్నానం చేసి, దీపం వెలిగించి, వెంకన్నకి ఒక చిటికెడు చూపించి, గుప్పెడు నమిలారు. తర్వాత నేను ఇచ్చిన మాత్ర మారుమాట లేకుండా వేసుకున్నారు. మంట రాలేదు. ఆ మర్నాడూ అంతే. శనివారం నాడు కూడా గుప్పెడు తిన్నారు. నాలుగు పెళ్ళలు తిని, "పళ్ళకి పని చెబుతోంది. గ్రహణం పూట నిద్ర రాకుండా పెద్దలు భలే కనిపెట్టారు" అని ఆ పెద్దల్ని మెచ్చుకున్నారు.

కాస్తలో ఆయన కొంప ముంచేవారు. ఒక ఆదివారం డబ్బా మూత తీసి, "ఓ, ఇంట్లోనే గ్రానో..." అంటూండగా, ఒక పెద్ద పెళ్ళ ఆయన నోట్లో కుక్కాను. వంటింట్లోకి వచ్చి నెమ్మదిగా అడిగారు.

"ఇది మోసం కాదూ?"

"రెండువేల సంవత్సరం వస్తే మీ కంప్యూటర్లు పందొమ్మిది వందలనుకుంటాయని మీరందరూ జీతాలు తీసుకుంటున్నారు. అత్తయ్యగారు ఒక్క మాట ఇంకోలా అనుకుంటే నేను దిద్దలేదు. నాకెవరూ జీతం కూడా ఇవ్వలేదు."

ఆయన ఇంకో పెళ్ళ తీసుకుని వెళ్ళిపోయారు.

దేవుడి దగ్గర మాత్రం నేను దాచలేదు. రోజూ దీపం పెట్టి, "స్వామీ, నేను అన్నది ఒకటి, నువ్వు ఆవిడ చెవికి వినిపించింది ఒకటి. ఆ ట్రైను ఎవరు పంపారో నీకే తెలియాలి" అని చెప్పుకునేదాన్ని. స్వామి కాదనలేదు.

అత్తయ్యగారు గోడ వదిలి నడిచారు. తర్వాత లిఫ్టు దాకా వెళ్ళారు. ఇంకొన్నాళ్ళకి బ్లాకు కింద బెంచీ మీద కూర్చుని బనీను తాతని దగ్గర నుంచి పరిశీలించడం మొదలుపెట్టారు. అయినా ప్రదక్షిణాల మాట ఎత్తలేదు. సొరుగులో టికెట్టు అలాగే ఉంది. నెలాఖరు దగ్గరపడింది. అడిగితే ఏమంటారోనని నేనూ అడగలేదు.

అంతలో పంచాంగంలో నిజంగా చంద్రగ్రహణం వచ్చిపడింది. అత్తయ్యగారి ఉత్సాహం చూడాలి. "దాని అసలు రోజు వచ్చిందమ్మాయ్. ఒక డబ్బా చేస్తే ఏం సరిపోతుంది. గుళ్ళో మనవాళ్ళందరికీ పంచాలి" అన్నారు. ఆంటీ ఓవెన్ ఆ రోజు విశ్రాంతి ఎరగదు. ఆవిడ నా వైపు చూసి పెదవి బిగబట్టుకుని, పళ్ళెం వెంట పళ్ళెం అందించింది.

గ్రహణం మర్నాడు గుడి సంప్రోక్షణ అయ్యాక వెళ్ళాం. మండపంలో తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు, ఎక్కువగా కంప్యూటరు ఉద్యోగాలవాళ్ళు. అత్తయ్యగారు ఒక స్తంభానికి ఆనుకుని కూర్చుని, వచ్చినవాళ్ళ దోసిట్లో గుప్పెడేసి పోస్తూ, "గ్రహణాల అటుకులు. మా కోడలు చేసింది" అని చెబుతున్నారు. అందరూ కళ్ళకద్దుకుని తింటున్నారు. పొడి పదార్థమనీ, మంచిదనీ పెద్దవాళ్ళు మెచ్చుకుంటున్నారు. వాళ్ళలో మెళ్ళో ఆఫీసు కార్డు తియ్యడం కూడా మరిచిపోయి వచ్చిన ఒక తెలంగాణ అమ్మాయి ఉంది. నోట్లో వేసుకుని, నమిలి, ఆగింది.

"ఆంటీ, గిది గ్రానోలా గదా. మా ఆఫీసుల రోజు పొద్దుగాల ఇదే తింటం."

అత్తయ్యగారికి కోపం వస్తే డబ్బాతో పాటు మాత్ర కూడా మూలపడుతుంది. నెలాఖరు విమానం తయారుగా ఉంది. దిక్కు కోసం స్వామి వైపు చూశాను. అలంకారం కోసం తెర వేసి ఉంది.

అత్తయ్యగారు చెయ్యి ఆపారు. "మీ ఆఫీసులో ఏమంటారన్నావ్?"

"గ్రానోలా."

"గ్రా... నో... లా" అని ఆవిడ ఒక్కో అక్షరాన్నీ పెళ్ళలాగా నమిలారు. నా వైపు చూశారు. నేను డబ్బా మూతకి ఏదో అంటుకున్నట్టు గోటితో గీకుతున్నాను.

"అదేనే తల్లీ" అన్నారు ఆవిడ, పిల్ల మీద జాలితో. "వాళ్ళకి హకారం తిరగదు, ణకారం అసలే తిరగదు. సింహపురాన్ని సింగపూరు చేసుకున్నవాళ్ళు గ్రహణాల్ని గ్రానోలా చేసుకోరా?"

ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. "నిజమేనా అక్కా?"

నాన్నగారు చెప్పిన సంస్కృతం అంతా వెతుక్కున్నాను. "సింహపురం మాట మాత్రం నిజమేనమ్మా" అన్నాను.

"మరి మా ఆఫీసోళ్ళు గ్రహణం లేకున్నా తింటరు గదా ఆంటీ."

"తిని ఏం చేస్తారు?"

"పని చేస్తం. కుర్చీల గూసుంటం."

"అందుకే మీ కాళ్ళు కుర్చీల్లో ఉండిపోయాయి. నా కాళ్ళు చూడు."

అంటూనే అత్తయ్యగారు స్తంభం పట్టుకుని లేచారు. కొంగు నడుముకి దోపుకున్నారు. నాతో ఒక్క మాట కూడా అనకుండా గర్భగుడి చుట్టూ బయల్దేరారు. ముందు నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక మూత అక్కడే పారేసి వెనకాలే పరుగెత్తాను.

మొదటి ప్రదక్షిణం గోడకి దగ్గరగా, నెమ్మదిగా సాగింది. రెండోదానికి గోడ వదిలేశారు. ఒక మూల మలుపు దగ్గర ఉన్నట్టుండి ఆగిపోయారు. రెండు చేతులూ చాపి నిలబడ్డాను.

"ఎందుకే అలా కోడిపిల్లని పట్టేదానిలా వెంటపడతావ్? నీ అడుగుల చప్పుడికి గోవింద నామాల్లో ఎక్కడిదాకా వచ్చానో మరిచిపోయాను."

"మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోండి అత్తయ్యగారూ."

"అంటే మళ్ళీ మొదటి నుంచి నడవమనా?" అని ఆవిడే నవ్వి, నడిచారు.

ఆ ఆఫీసు అమ్మాయి కూడా ఏమనుకుందో మా వెనకాల కలిసింది. అత్తయ్యగారు మొక్కుకున్నన్నీ పూర్తి చేశారు. చివరి ప్రదక్షిణం అయ్యేసరికి తెర తీశారు, హారతి వెలిగింది. ఆవిడ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఆయాసపడుతూ, కళ్ళ నిండా నీళ్ళతో స్వామిని చూస్తున్నారు. నేను మాత్రలు రాసిన డాక్టరుకీ, ఓవెన్ ఇచ్చిన ఆంటీకీ, ఆ వంతెన మీద వేళకి వచ్చిన ట్రైనుకీ వరసగా దణ్ణాలు పెట్టుకున్నాను. ఎన్ని పెట్టినా ఇంకా ఎవరో మిగిలిపోయినట్టే అనిపించింది.

తిరుగు ప్రయాణంలో ట్రైనులో ఎవరో కుర్రవాడు లేచి చోటిస్తే, ఆవిడ నన్ను కూడా పక్కకి లాక్కున్నారు. రెండు స్టేషన్లు దాటాక అడిగారు.

"ఇంతకీ అమ్మాయ్, ఆ పేరు నీకెవరు చెప్పారు?"

"మీ అబ్బాయి ఆఫీసు నుంచి తెచ్చిన పొట్లం మీద చదివానత్తయ్యగారూ" అన్నాను. అడిగారు కాబట్టి నిజమే చెప్పాను.

ఆవిడ కిటికీలోంచి ఎదుటి బ్లాకుల వంక చూస్తూ, "పొట్లాల మీద కూడా తప్పులు రాస్తున్నారన్నమాట" అన్నారు.

నేను తల వంచుకుని పెదాలు బిగబట్టాను. పక్కకి చూస్తే ఆవిడ పెదాలు కూడా బిగబట్టే ఉన్నాయి. ఆ నవ్వు ఎవరి కోసం దాచుకున్నారో నాకు తెలియదు. అడగలేదు.

మా స్టేషను రాగానే ఆవిడ నా చెయ్యి అందుకోకుండానే లేచారు. "వాడితో చెప్పు, ఆ టికెట్టు ఉగాది తర్వాతికి మార్పించమని" అన్నారు. మెట్ల వైపు నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగారు. "డబ్బాలన్నీ ఖాళీ అయ్యాయి. రేపు మళ్ళీ చెయ్యి. ఈసారి బెల్లం కాస్త తగ్గించు, పళ్ళకి అంటుకుంటోంది."